మెతుకు దగ్గర పొదుపు, మాత్ర దగ్గర కాదు

"రోజు విడిచి రోజు వేసుకుంటున్నానమ్మా. నెలకిచ్చిన మాత్రలు రెండు నెలలు వస్తున్నాయి."

బీపీ చూసే గదిలో ఈ మాట తరచుగా వినబడుతుంది. చెప్పేవారు దాచుకుని చెప్పరు. ఇంటి కోసం కొంత మిగిల్చామన్న తృప్తితోనే చెబుతారు. ఎక్కువగా తల్లులు, ఆ తరువాత ఇంటి పెద్దలు. పిల్లల ఫీజు కట్టాలి, వడ్డీ కట్టాలి, గ్యాసు బండ తేవాలి. తగ్గించుకోవడానికి తన మాత్ర తప్ప మరేమీ కనబడదు.

రోజుకొకటి వేసుకోమన్న బీపీ మాత్ర సుమారు ఒక రోజే పనిచేస్తుంది. మరునాడు వేసుకోకపోతే ఒత్తిడి మళ్ళీ పైకి పోతుంది. మనకు నొప్పి తెలియదు గనుక బాగానే ఉన్నామనుకుంటాము. లోపల మాత్రం మెదడు, గుండె, మూత్రపిండాల రక్తనాళాలు దెబ్బ తింటూనే ఉంటాయి. పక్షవాతం వచ్చి మనిషి మంచాన పడితే, ఆ ఇంట్లో మరొకరు పని మానుకుని కూర్చోవలసిందే. మూత్రపిండాలు చెడిపోతే డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు తిరగాలి. జనరిక్ దుకాణంలో మామూలు బీపీ మాత్ర నెలంతటికీ వంద రూపాయలు దాటదు. ఆ వందలో యాభై మిగిల్చుకోబోయి ఇల్లు తాకట్టు పెట్టుకున్నవారున్నారు.

అదే ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం పొద్దున చెత్తబుట్టలో పడుతుంది. పిల్లవాడి చేతిలో రోజూ పది రూపాయల చిప్స్ పొట్లం ఉంటుంది. నెలకు మూడు వందలు, ఏడాదికి 3,650. ఎవరినీ తప్పుబట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. పొదుపు చేయవద్దని అసలే చెప్పడం లేదు. మన సంఘాలలోని చాలా కుటుంబాలకు పొదుపు తప్పదు. ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు అన్నదే ఈ వ్యాసం.

రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో అప్పుల పాలైన ఒక విధవరాలు మనకు తెలుసు. అప్పులవాడు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను మొదట అడిగినది ఇంట్లో ఏమున్నదని. ఉన్నది కుండెడు నూనె. దేవుడు దానినే విస్తరింపజేశాడు. అద్భుతం తరువాత ప్రవక్త ఇచ్చిన సలహా చూడండి: నూనె అమ్ముకుని ముందు అప్పు తీర్చుకో, మిగిలిన దానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి. మనమూ ముందు ఇంట్లో ఏమున్నదో, అందులో ఏది పారబోస్తున్నామో చూసుకుందాం.

పారబోసే అన్నం

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. భారతదేశంలో ఇళ్ళలోనే ఒక్కొక్కరి వంతున ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అందులో అంచనా వేశారు. తొక్కలు, ఎముకలు, గింజలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి గనుక అంతా తినదగినదే అనుకోనక్కరలేదు. అయినా ఐదుగురున్న ఇంటికి 275 కిలోలు. పాతిక కిలోల బియ్యం సంచులతో పోలిస్తే పదకొండు సంచుల బరువు. మీ ఇంట్లో అంత ఉండదంటారా? ఉండకపోవచ్చు. పేదల ఇళ్ళలో పారేసేది తక్కువే. కాని ఎంతో తెలియాలంటే ఒక వారం చూసుకోవాలి. పొయ్యి పక్కన ఒక పాత గిన్నె పెట్టండి. పారేయబోయే అన్నం, కూర, విరిగిన పాలు, ఎండిన రొట్టె ముందు అందులో వేయండి. రాత్రి పడుకునేముందు గోడమీది క్యాలెండరులో ఆ రోజు గడిలో "అన్నం రెండు గరిటెలు", "సాంబారు గ్లాసుడు" అని రాయండి. ఏడు రోజులయ్యాక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు.

ఎక్కువ ఇళ్ళలో తేలేది ఒకటే. చేతి అంచనాతో బియ్యం పోస్తున్నాము. "ఎవరైనా వస్తారేమో" అని ఒక గ్లాసు అదనం. వచ్చేవారు వారానికొకసారి వస్తారు, అదనపు గ్లాసు ప్రతిరోజూ ఉడుకుతుంది. ఒకే గ్లాసుతో కొలిచి పోయడం, చిన్నపిల్లలకు మొదట కొంచెమే వడ్డించి మళ్ళీ అడిగితే వేయడం, ఈ రెండింటితోనే చాలా తేడా వస్తుంది.

మిగిలిన అన్నం సంగతి మన అమ్మమ్మలకు బాగా తెలుసు. పులిహోర కలిపేవారు, తాళింపు పెట్టేవారు, ఎండాకాలంలో వడియాలు పెట్టేవారు. పుల్లబడిన ఇడ్లీ పిండి దిబ్బరొట్టెగానో పునుగులుగానో మారేది. పులిసిన మజ్జిగ మజ్జిగ పులుసయ్యేది. అయితే ఒక జాగ్రత్త. వండిన ఆహారాన్ని గది వేడిలో రెండు గంటలకంటె ఎక్కువ వదలవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విడిచే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి మధ్యాహ్నం మిగిలింది రాత్రికి వాడాలనుకుంటే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో మిగలకుండా వండడమే మందు.

మరి చద్దన్నం మాటేమిటని అడుగుతారు. రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచితే అది పులిసి, ఆ పులుపు చాలా సూక్ష్మజీవులను పెరగనివ్వదు. పొలం పనికి పోయేవారికి అది చలువ, బలం. శుభ్రమైన కుండలో, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, మూత పెట్టి, పొద్దున్నే తినేయాలి. మధ్యాహ్నం దాకా ఉంచకూడదు. పసిపిల్లలకు, క్యాన్సరు మందులు వాడుతున్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి పెట్టవద్దు. షుగరు ఉన్నవారు గిన్నెడు తాగి "ఇది అన్నం కాదు గదా" అనుకోకూడదు. అది అన్నమే.

గంజి కథ

అన్నం వార్చి గంజి పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. బియ్యాన్ని నాలుగైదుసార్లు తెల్లటి నీళ్ళు పోయేదాకా కడిగే ఇళ్ళయితే చాలానే ఉన్నాయి. ఈ రెండు పనులలో కొట్టుకుపోయేది బి విటమిన్లు, ముఖ్యంగా థయమిన్.

ఇది మన ప్రాంతం చూసిన కథే. తమిళనాడులోని కూనూరులో 1918లో డాక్టర్ రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధి మీద ఒక చిన్న పరిశోధన కేంద్రం ప్రారంభించారు. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపు, ఆయాసం, చివరకు గుండె ఆగిపోవడం ఆ వ్యాధి లక్షణాలు. ఉత్తర సర్కారు జిల్లాలని పిలిచే మన కోస్తా ప్రాంతంలో ఆ రోజుల్లో బెరిబెరి ఎక్కువగా ఉండేది. మరపట్టిన తెల్లబియ్యం కడిగి కడిగి, వండి, వార్చి తినడం అక్కడి అలవాటు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఈ వ్యాధి కనబడేది కాదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి దిగుతుంది గనుక మర పట్టినా కొంత మిగులుతుంది. ఆ కూనూరు కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చి, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇప్పుడు బెరిబెరి అంతగా లేదు. పప్పులు, కూరలు, గుడ్లు అందుతున్నాయి గనుక. కాని రెండు పూటలా అన్నం, చారు మాత్రమే తినేవారికి, గర్భిణులకు, మద్యం అలవాటు ఉన్నవారికి ఆ గంజి విలువైనదే. బియ్యం రెండుసార్లు కడిగితే చాలు. మొదటి కడుగు నీళ్ళు మొక్కలకు పోయండి. సరిపడా నీళ్ళు పోసి ఇగరబెట్టి వండితే వార్చనక్కరలేదు, గ్యాసూ తగ్గుతుంది. వార్చే అలవాటు మానలేనివారు గంజిలో కొంచెం మజ్జిగ కలిపి తాగండి. మూత్రపిండాల జబ్బు ఉండి డాక్టరు నీళ్ళు, ఉప్పు కొలిచి ఇచ్చినవారు మాత్రం అడిగి తాగాలి.

తొక్కలు, కాడలు

తొక్కు పచ్చళ్ళకు తెలుగువారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు నువ్వులు వేసి నూరుకుంటాము. క్యాలీఫ్లవరు కాడలు సన్నగా తరిగి పప్పులో వేయవచ్చు. ముల్లంగి ఆకు తోటకూరలాగే వండుకోవచ్చు. పుచ్చకాయ ఎర్రటి గుజ్జుకూ ఆకుపచ్చ తొక్కకూ మధ్యనున్న తెల్లటి భాగం సొరకాయలాగే కూరకు వస్తుంది. గెల కొట్టేసిన అరటి చెట్టులోని దూట పెరుగు పచ్చడికి వస్తుంది. కొత్తిమీర కాడలు చారులో. మునగాకు సంగతి చెప్పనే అక్కరలేదు. పెరట్లో ఊరికే రాలిపోతుంటే మనం మందుల దుకాణంలో బలానికి టానిక్కు కొంటున్నాము.

అయితే కొన్నింటిని పారేయడమే పొదుపు. సొరకాయ ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే కూర మొత్తం పారేయాలి. చేదు సొరకాయ రసం తాగి రక్తపు వాంతులతో ఆసుపత్రులకు వచ్చినవారున్నారు. పచ్చబడిన బంగాళాదుంప వద్దు. బూజు పట్టిన పల్లీలు ఏరి, తుడిచి, వేయించి వాడడం మరీ ప్రమాదం. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. కోళ్ళకు కూడా వేయవద్దు.

నూనె విషయంలోనూ అంతే. బజ్జీలు వేయించిన నూనె పారబోయడానికి చేయి రాదు. ఒకసారి వాడినదాన్ని వడకట్టి, రెండు మూడు రోజుల్లోపు తాళింపులకు వాడేయండి. నల్లబడి, చిక్కబడి, నురగ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కాచకండి. మాటిమాటికీ కాచిన నూనెలో గుండెకు హాని చేసే పదార్థాలు పెరుగుతాయి. ఇలాంటి నూనె ఎంతవరకు పాడైతే వాడకూడదో ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుండి హోటళ్ళకు కొలత కూడా పెట్టింది. ఇంట్లో కొలతలు పెట్టలేము గనుక, బాణలిలో కొంచెం నూనె పోసి కొన్ని కొన్నిగా వేయించుకోవడం మేలు. ఒకటో తారీఖున తెచ్చిన నూనె డబ్బా మీద వారానికొక గీత గీసి పెట్టుకున్న ఇల్లాలికి ఖర్చు తగ్గుతుంది, భర్తకు కొలెస్ట్రాల్ కూడా తగ్గుతుంది.

పచ్చడి మెతుకుల పొదుపు

డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు మన ఇళ్ళలో మొదట తగ్గేది కూర. అన్నం, ఆవకాయతో సరిపెట్టుకుంటాము. అందులోనూ పిల్లలకు, మగవారికి పెట్టాక తల్లికి మిగిలేది మెతుకులే. ఇది పొదుపులా కనబడే అప్పు. రోజుకు మనిషికి ఐదు గ్రాముల ఉప్పు, అంటే ఒక చెంచా, చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు పూటలా పచ్చడి వేసుకుంటే అది సులువుగా దాటిపోతుంది. పైగా పచ్చడిలో మాంసకృత్తులు లేవు. రక్తహీనత, బీపీ రెండూ ఇలాంటి కంచంలో నుండే మొదలవుతాయి.

చవకగా బలాన్నిచ్చేవి మన అంగట్లోనే ఉన్నాయి. ఉలవలు, పెసలు, శనగలు, బొబ్బర్లు, పల్లీలు, రాగులు, ఎండు నెత్తళ్ళు (ఉప్పు కడిగి), గుడ్డు. పైన చెప్పిన చిప్స్ డబ్బులు తీసుకోండి. గుడ్డు ఏడు రూపాయలు అనుకున్నా ఆ మూడు వందలతో నెలకు నలభై రెండు గుడ్లు వస్తాయి. పిల్లవాడికి రోజుకొకటి పోగా తల్లికి వారానికి మూడుదాకా మిగులుతాయి. ఉలవలు రాత్రి నానబెట్టి ఉడికించి, గింజలు గుగ్గిళ్ళుగా, నీళ్ళు చారుగా వాడితే ఒక సరుకుతో రెండు వంటలు. పప్పులు నానబెడితే గ్యాసూ ఆదా. నీరు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వేడి అంతకుమించి పెరగదు. ఆవిరే ఎక్కువ పోతుంది. మంట తగ్గించి మూత పెట్టండి.

డబ్బాలలో దొరికే పిల్లల బలం పొడులలో చాలా వాటికి పంచదార బాగా కలుపుతారు. డబ్బా వెనుక చదవండి. అదే డబ్బుతో రాగిజావ, పాలు, గుడ్డు ఎక్కువ రోజులు వస్తాయి. పసిబిడ్డకు తల్లిపాలకన్నా చవకైనది, మంచిది ఏదీ లేదు. తప్పనిసరై డబ్బాపాలు పట్టవలసివస్తే, ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్ళు పెంచవద్దు. బిడ్డ పొట్ట నిండినట్లే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు.

సెలైన్ సీసా

ఈ మాట కొందరికి కోపం తెప్పించవచ్చు, అయినా చెప్పాలి. నీరసంగా ఉందని ఊళ్ళో ఒక సెలైను, ఒక బలం ఇంజక్షను పెట్టించుకుని కొన్ని వందలు ఇచ్చి వచ్చేవారు చాలామంది ఉన్నారు. అర లీటరు మామూలు సెలైనులో ఉన్నది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. అర లీటరు గ్లూకోజు సీసాలో పాతిక గ్రాముల గ్లూకోజు. వాంతులు ఆగక, నోటితో ఏదీ నిలవక, ఒంట్లో నీరు పోయినవారికి అది ప్రాణం నిలుపుతుంది. ఆపరేషనులోనూ కావాలి. భోజనం చేయగలిగిన మనిషికి మాత్రం ఒక ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి తాగితే అంతకన్నా మేలు. నీరసానికి అసలు కారణం రక్తహీనతో, షుగరో, క్షయో అయితే ఎన్ని సీసాలు ఎక్కించినా అది పోదు. ఆ డబ్బుతో ఒక రక్తపరీక్ష చేయించుకోండి.

ఇంట్లోని చెత్త

మిగిలినది చెత్త. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ప్రతి ఇల్లూ తడి చెత్త, పొడి చెత్త, హానికరమైన చెత్త వేరుచేయాలని చెప్పాయి. పట్టణాలలో బండి వస్తుంది, పల్లెలలో అన్నిచోట్లా రాదు. రాని చోట తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకోవచ్చు. పగిలిన పాత కుండ తీసుకోండి, అడుగున, పక్కన చిన్న రంధ్రాలు పెట్టండి. ఒక పిడికెడు తొక్కలకు రెండు పిడికిళ్ళ ఎండాకులు వేసి, పైన కొంచెం మట్టి చల్లండి. వారానికొకసారి కర్రతో కలపండి. వాసన వస్తే తడి ఎక్కువైందన్నమాట, ఎండాకులు వేయండి. మాంసం, చేపల ముక్కలు వేస్తే ఎలుకలు వస్తాయి. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. దానితో పెరట్లో గోంగూర, తోటకూర, రెండు వంగ మొక్కలు.

పొడి చెత్తలో సగం అంగడి నుండే వస్తుంది. 75 మైక్రాన్లకన్నా పలుచని క్యారీ బ్యాగులను 2021 సెప్టెంబరు 30 నుండి, 120 మైక్రాన్లకన్నా పలుచనివాటిని 2022 డిసెంబరు 31 నుండి దేశమంతటా నిషేధించారు. పాత చీర చెంగుతో కుట్టిన సంచి రెండేళ్ళు వస్తుంది. షాంపూ ప్యాకెట్ల విషయంలో ఒక చిత్రం ఉంది. లెక్క వేస్తే చాలాసార్లు సీసాకన్నా రూపాయి ప్యాకెట్టే చవక. ఇక్కడ నష్టం జేబుకు కాదు, కాలువకు. ఆ ప్యాకెట్లను పాతసామాను అతను కూడా తీసుకోడు. వర్షాకాలంలో కాలువకు అడ్డుపడి దోమలకు నిలయమవుతాయి. వారానికొకసారి కుంకుడుకాయ కొట్టుకుంటే కొంత తగ్గుతుంది, ఓపిక ఉన్నవారికి. వేడి బజ్జీలు న్యూస్ పేపరులో తీసుకోవద్దు. అచ్చు సిరాలోని రసాయనాలు నూనెతోపాటు మన కడుపులోకి వస్తాయి. స్టీలు డబ్బా తీసుకువెళ్ళండి.

ప్లాస్టిక్ మాత్రం కాల్చవద్దు. పొయ్యి రాజేయడానికి పాలిథిన్ కవరు వెలిగించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. చలికాలం సాయంత్రాలు వీధిలో చెత్త తగలబెట్టి చలి కాచుకుంటారు. ఆ పొగ ఉబ్బసం ఉన్న పిల్లలను అదే రాత్రి ఆసుపత్రికి తెస్తుంది. పైపులు, ఫ్లెక్సీల వంటి పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. ఇక పురుగుమందు డబ్బా ఎంత గట్టిదైనా, ఎన్నిసార్లు కడిగినా, నీళ్ళకు, బియ్యానికి, కిరోసిన్‌కు వాడకూడదు. రంధ్రం పొడిచి వేరుగా ఉంచండి.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారు సూదులను చెత్తబుట్టలో వేయవద్దు. చెత్త ఏరే బిడ్డల చేతికి గుచ్చుకుంటాయి. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, నిండాక ఆసుపత్రికి తెచ్చి ఇవ్వండి. మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు పక్కింటివారి జ్వరానికి ఇవ్వడం కూడా పొదుపు కాదు. అసలు చెప్పినన్ని రోజులు వాడితే మిగలకూడదు. ఖాళీ సెలైను సీసాలు మంచినీళ్ళకు బాగుంటాయని అడిగేవారికి మేము ఎందుకు ఇవ్వమో కూడా చెప్పాలి. ఆసుపత్రి చెత్తను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని విడదీసి అప్పగించాలని 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. ఆ సీసాలు ఎరుపులోకి పోతాయి.

మిషన్ ఆసుపత్రులకు పొదుపు కొత్త కాదు. అమెరికా బాప్టిస్టు స్త్రీలు "వైట్ క్రాస్" పేరిట పాత దుప్పట్లు చింపి, చుట్టలు చుట్టి, ఇక్కడి ఆసుపత్రులకు కట్టుబట్టలుగా పంపేవారు. గాజు సిరంజీలు మరిగించి మళ్ళీ వాడిన రోజులను పెద్ద నర్సులు ఎరుగుదురు. ఎయిడ్స్, కామెర్ల వైరసుల సంగతి తెలిశాక ఒకరికి వాడిన సూది పారేయడమే నియమమైంది. మీకు ఎక్కడ సూది వేసినా కొత్త ప్యాకెట్ మీ ముందే విప్పమని అడగండి.

సంఘంలో

ప్రేమవిందులు, పెండ్లిండ్లలో ఎంత పోతుందో పాత్రలు కడిగేవారిని అడగండి. ఐదువేలమందికి పంచిన తరువాత మిగిలిన ముక్కలను పోగుచేయమన్నాడు ప్రభువు. పన్నెండు గంపలు నిండాయి. అంత సమృద్ధి చూపినవాడు కూడా ముక్కలను వదిలేయలేదు. ముందు ఆదివారమే చేతులెత్తించి వచ్చేవారిని లెక్కపెట్టుకోవడం, మిగిలితే రెండు గంటల్లోపు ఎవరికి పంపాలో ముందే అనుకోవడం కష్టమైన పనులు కావు. స్త్రీల సమాజం రెండు వందల స్టీలు కంచాలు కొని, తక్కువ అద్దెకు ఇస్తే ప్లాస్టిక్ పళ్ళాల ఖర్చు పోతుంది, సమాజానికి కొంత ఆదాయం వస్తుంది. క్రిస్మస్ ఫ్లెక్సీ బదులు తేదీ వేయని గుడ్డ బ్యానరు కుట్టిస్తే పదేళ్ళు వస్తుంది.

వంట బియ్యంలో నుండి పిడికెడు తీసి దేవునికని వేరుగా ఉంచే అలవాటు మన సంఘాలలో చాలాచోట్ల ఉంది. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘంలో స్త్రీలు 1910లో దీనిని ప్రారంభించారు. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. సువార్త పనికి అక్కడ అది పెద్ద ఆధారమైంది. ఒక్కొక్క ఇంటికి పిడికెడే, దానివల్ల ఎవరూ పస్తులుండలేదు. ఇదే పద్ధతిలో ఒక చిన్న డబ్బా పెట్టి "మందులు" అని రాసి, మానేసిన చిప్స్ డబ్బులో, తగ్గిన నూనె డబ్బులో అందులో వేస్తే, నెలాఖరున మాత్రలకు వేరే వెతుక్కోనక్కరలేదు.

మందుల ఖర్చు భరించలేకపోతే ఆ మాట డాక్టరుతో చెప్పండి. అందులో సిగ్గుపడవలసింది లేదు. చీటీలో తప్పనిసరివి ఏవి, మానగలిగినవి ఏవి అని అడగండి. టానిక్కులను చాలాసార్లు మానవచ్చు. 2008లో ప్రారంభమైన జన ఔషధి దుకాణాలలో అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది. పెట్టె మీది కంపెనీ పేరు కాదు, మందు పేరు చూపి అడగాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. క్షయకు మందులన్నీ ఉచితమే. వాటితోపాటు పోషకాహారానికి 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేసే పథకం ఉంది. ఖాతా నంబరు ఇవ్వనందువల్ల కొందరికి అందడం లేదు.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు గుడ్డ సంచిలో మీరు వాడే మందులన్నీ తెండి. ఇక్కడివి, బయటివి, ఆకుపసరు మందు అయినా సరే. ఒకే మందు రెండు పేర్లతో రెండుచోట్ల కొంటున్నట్లు తేలితే అక్కడే ఒక ఖర్చు తగ్గుతుంది. తోడు వచ్చేవారు క్యారేజీ, కంచం, గ్లాసు తెచ్చుకోండి. ఖాళీ అయిన మాత్రల షీట్లు కూడా పారేయకుండా పట్టుకురండి. ఎన్ని మాత్రలు తప్పిపోయాయో వాటిని లెక్కపెట్టి నర్సమ్మ చెబుతుంది.